చెప్పిన దారి

మూడో దెబ్బకు కూడా హెల్మెట్ పగల్లేదు. పసుపు దంచే రోకలే మధ్యకు విరిగి, ఒక ముక్క ఎగిరి వంటింటి గడప దగ్గర పడింది.

చేతిలో మిగిలిన ముక్కను మద్దిలేటి గోడకేసి విసిరాడు. గోడమీద అన్న మహేంద్ర ఫొటో అదిరి ఒక పక్కకు ఒరిగింది.

"కొట్టు, ఇంగా కొట్టు. అది పగలకుంటే నా తలకాయుంది గదా, దాన్ని పగలగొట్టు," అంది నాగవేణి.

ఆమె పెదవి అప్పటికే చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారుతోంది. బండి తాళాలు లాక్కునేటప్పుడు మరిది మోచెయ్యి తగిలింది. తగిలిందో, తగిలించాడో అతనికే తెలియాలి. అన్న పోయిన ఈ తొమ్మిదేళ్ళలో వదిన ముందు గొంతెత్తని మనిషి, ఈ రోజు నంద్యాల ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ చేతికి దొరికిందల్లా విరగ్గొడుతున్నాడు.

"నిన్ను కొట్టేదానికి నాకేం పొయ్యేకాలం రాలేదు వదినా. నేను కొట్టింది ఆ కుండను. మాయన్నను నరికినోళ్ళు నెత్తిన పెట్టుకోని వచ్చింది అట్లాటి కుండనే. అది పెట్టుకోని నువ్వు దేశాలు తిరుగుతావా?"

"వాళ్ళు ఆ పొద్దు చెప్పులు గూడా ఏసుకోని వచ్చింటారు. నువ్వు ఉత్తకాళ్ళతో తిరుగుతాండావా?"

జవాబు దొరకని మగవాళ్ళు చేసే పనే మద్దిలేటీ చేశాడు. వరండాలోకి పోయి అక్కడున్న బుల్లెట్టు అద్దాన్ని పిడికిలితో గుద్దాడు. అద్దం పగిలింది, పిడికిలీ పగిలింది.

ప్రయాణం సోమవారం. ప్రభుదాసు నడిపే తొమ్మిది బండ్ల బృందం నంద్యాలలో బయలుదేరి నేపాల్, భూటాన్ చూసుకుని, కలకత్తాలో బండ్లను ఓడెక్కించి, థాయిలాండ్‌లో దించుకుని, లావోస్, వియత్నాం, కాంబోడియా తిరిగి వస్తుంది. ఆ తొమ్మిదిలో ఒకటి చచ్చిపోయిన మహేంద్ర బుల్లెట్టు. నడిపేది అతని భార్య నాగవేణి. ఈ సంగతి ఆమె తానుగా చెప్పకముందే అత్తగారి ఊరు గుండ్లమెట్టకు చేరిపోయింది. తెల్లారేసరికి మరిదీ అత్తా జీపులో వచ్చి దిగారు.

అత్త కమలాక్షమ్మ ఇంతసేపూ ఒక్క మాట అనలేదు. రోకలి విరగడం చూసింది, అద్దం పగలడం విన్నది. ఇప్పుడు లేచి, ఒరిగిన కొడుకు ఫొటోను సరిచేసి, కొంగుతో దుమ్ము తుడిచింది. మరిది కేకల కన్నా ఆమె మౌనమంటేనే నాగవేణికి భయం.

"ఎవురితో మే పోయేది?" అంది ఫొటో వైపే చూస్తూ.

"ప్రభుదాసన్నతో అత్తా. మిలిటరీలో బండ్లు నడిపి వచ్చినోడు. నూనెపల్లె కాడ షెడ్డు పెట్టుకోనుండాడు. వాళ్ళ పాప జెస్సికా గూడా వస్తాంది."

"మొగోళ్ళుండారా?"

"ఉండారు. ఆడోళ్ళూ ఉండారు."

"యాడికి పోయినా నువ్వు నా కొడుకు పెండ్లానివే గదా. ఆ ఇంటి కోడలు బండెక్కి పారిపోయిందని అవతలోళ్ళు నగరా?"

అవతలోళ్ళు అంటే మహేంద్రను చంపినవాళ్ళు. ఆ ఇంట్లో వాళ్ళ పేర్లు పలకరు.

"నగనీ అత్తా. ఇన్నేండ్లుగా నా జీపుకు ముందొక జీపు, ఎనకొక జీపు. గుడికి పోయినా అంతే, ఆస్పత్రికి పోయినా అంతే. నేనెవురి కోడలో, ఎవురి పెండ్లామో తెలీని దావలో ఒక్కసారి పోవల్ల. పోయి మళ్ళొస్తా. నీ ఇంటికే వస్తా."

మద్దిలేటి నెత్తురు కారే చేతికి టవలు చుట్టుకుంటూ లోపలికొచ్చాడు. "ఆయమ్మతో మాటలేంది మా? బండి ట్యాంకులో ఇంత ఇసక పోస్తే సరిపాయ."

"నువ్వు నోరు ముయ్యి చిన్నోడా."

చిన్నోడా అని అతన్ని పిలిచేవాళ్ళు లోకంలో ముగ్గురే ఉండేవాళ్ళు. తల్లి, అన్న, వదిన. ఇప్పుడు ఇద్దరు మిగిలారు. అంత మీసమున్న మనిషీ ఆ పిలుపుకు నోరు మూసుకుని గోడకానుకున్నాడు.

"రేపు శనారం. నీసు వండను, ఓళిగలు చేస్తా," అంది కమలాక్షమ్మ. "వాళ్ళందర్నీ ఊరికి పిల్చుకోని రా. నా ఇంట్లో కూడు తినల్ల. తినేటప్పుడు మొగం జూస్తే వాడెట్లాటోడో నాకు తెలుస్తాది. నచ్చితే నేనే దిష్టి తీసి పంపిస్తా. నచ్చకుంటే ఆ బండిని నేనే కాలుస్తా. పొలిమేర రాయి కాడ హెల్మెట్లు తీసి రమ్మను."

ఆ చివరి మాట గుండ్లమెట్టలో శాసనం. మహేంద్రను నరికినవాళ్ళు హెల్మెట్లు పెట్టుకుని బైకుల మీద వచ్చారు. తర్వాత పెద్దమనుషులు చేసిన రాజీలో రెండు పక్షాలూ నిలబెట్టుకున్న మాట అదొక్కటే. ఊళ్ళోకి వచ్చేవాడు ఎవడైనా సరే, కొత్త అల్లుడైనా సరే, పొలిమేర రాయి దగ్గర తల చూపించాలి. తల కప్పుకుని వస్తే చంపడానికి వచ్చినట్టే లెక్క.

* * *

"అదేం పెద్దపని?" అన్నాడు ప్రభుదాసు. సాయంత్రం నూనెపల్లె షెడ్డులో బుల్లెట్టుకు కొత్త అద్దం బిగిస్తున్నాడు. "ఇంజను నడుస్తాంటే నెత్తిన హెల్మెట్ ఉండాల. అది నా రూలు. ఇంజను ఆపినంక మీ ఊరి రూలు. రాయి కాడ బండ్లు ఆపి, హెల్మెట్లు తీసి, తోసుకుంటా పోదాం. పెద్దామెకు ఆ మర్యాద ఇయ్యాల గదా. రాయి యాడుందో నీకే తెలుసు. కనపడంగానే ఎడమ చెయ్యి పైకెత్తు, ఆపేస్తాం."

"అట్లయితే నేను ముందుండల్లేమో అన్నా."

"కొత్తోళ్ళు నడిమధ్యలోనే. ముందు నేను. అది మార్చను."

"మా నాయన కాడ దేవుని కన్నా ఎక్కువ ఆజ్ఞలుండాయక్కా," అని నవ్వింది జెస్సికా. నర్సుగా పనిచేస్తున్న పిల్ల, నాగవేణి పెదవి వైపు చూసి నవ్వు ఆపింది. "అదేందక్కా?"

"గడప తగిలిందిలే."

"ఆ గడప పేరేంది?"

జెస్సికా జవాబు కోసం ఆగకుండా దూది తెచ్చి పెదవి తుడిచింది.

"ఇంటికి చెప్పినావామ్మా?" అన్నాడు ప్రభుదాసు. "ఏ దావలో వస్తాండాం, ఏ పూటకొస్తాండాం?"

నాగవేణి తడబడింది. అత్తవారింట్లో ఫోనులో చెప్పే దారి ఒకటి, పోయే దారి ఇంకొకటి. ఆళ్ళగడ్డ దారి అంటే రుద్రవరం దారి అని అర్థం. పొద్దున అంటే సాయంత్రం, ఎన్ని బండ్లన్నది కూడా ఉత్త లెక్కే. ఫోను ఎవరైనా వింటారని భయం, వినకపోయినా పనివాళ్ళలో ఎవరో ఒకరు కబురు మోస్తారని భయం. చెప్పిన దారిలో మాత్రం మనుషుల్ని కాపు పెడతారు. ఆ మాట నమ్మి అవతలోళ్ళు దెబ్బకొట్టడానికి వస్తే అక్కడే దొరకబుచ్చుకోవచ్చని. మహేంద్ర ఒక్కరోజు ఆ పద్ధతి తప్పాడు. ఆకలవుతోందని, ఆళ్ళగడ్డ దారిలోనే వచ్చేస్తున్నానని ఉన్నదున్నట్టు చెప్పాడు. వడ్డించిన కంచం వడ్డించినట్టే ఉండిపోయింది.

"చెప్పల్లంటావా అన్నా?"

"చెప్పకుంటే ఎట్లమ్మా? రేపు లావోసు కొండల్లో పోతాం. మన భాష తెలిసినోడు ఆడ ఒక్కడుండడు. ఎవురు యాడుండారో అందరికీ తెలిసుండాల. పడిపోతే ఎతుక్కోని వచ్చేదానికి అదొకటే ఆధారం. దాచిపెట్టినోళ్ళే పోతారు."

ఇన్నేళ్ళూ ఆమె విన్నది దీనికి సరిగ్గా తలకిందులు. నాగవేణికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎక్కడున్నానో నలుగురికీ చెప్పి బతికేవాళ్ళు కూడా ఈ భూమ్మీద ఉన్నారు. సోమవారం నుంచి తానూ వాళ్ళలో ఒకతి. ఆ సంబరంలోనే ఫోను తీసింది.

"చిన్నోడా, రేపు పొద్దున వస్తాండాం. ఆళ్ళగడ్డ దావలో. తొమ్మిది బండ్లు."

"ఆళ్ళగడ్డ దావలోనేనా వదినా?"

"ఆ. ఆళ్ళగడ్డ దావే. పొద్దున్నే."

"అర్థమైందిలే." ఉదయం ఉన్న కోపం అతని గొంతులో లేదు. "జాగర్తగా రా. పెదవి నొప్పిగా ఉందా?"

"లేదులే."

మరిది మెత్తబడ్డాడని సంతోషపడింది నాగవేణి. అర్థమైంది అన్నాడు కదా, ఇంకేం కావాలి? అబద్ధాలకు అలవాటుపడిన ఇంట్లో నిజం చెప్పేటప్పుడు, ఇది నిజం అని వేరే చెప్పాలని ఆ పిచ్చితల్లికి తోచలేదు.

* * *

శిరివెళ్ళ దాటేసరికి ఎండ ఇంకా చురుక్కుమనలేదు. రెండు పక్కలా శెనగ చేలు కోతకొచ్చి ఎర్రబారాయి. ముందు ప్రభుదాసు, అతని వెనక జెస్సికా, ఆ తర్వాత ఇద్దరు, నడిమధ్యలో నాగవేణి. తొమ్మిది నల్ల చొక్కాలు, తొమ్మిది నల్ల హెల్మెట్లు. పొలాల్లో కూలివాళ్ళు పని ఆపి నిలబడి చూస్తున్నారు.

ఆళ్ళగడ్డలో శిల్పుల షెడ్ల ముందు ఇంకా కళ్ళు చెక్కని దేవుళ్ళు వరుసగా నిలబడి ఉన్నారు. రాతిపొడి తెల్లగా ఎగురుతోంది. ఒక శిల్పి ఉలి ఆపి చెయ్యి ఊపాడు. నాగవేణి హారన్ కొట్టింది. ఎవరి కోడలో తెలియకుండా ఒక మనిషి తనకు చెయ్యి ఊపడం ఆమెకు బుద్ధెరిగాక అదే మొదలు. హెల్మెట్ లోపల ఒక్కతే గట్టిగా నవ్వుకుంది.

ఆ నవ్వుతోనే బండ్లు నల్లమల వైపు మళ్ళాయి. చొప్పవాములు దాటితే కాలవ వంతెన, వంతెన దాటితే సున్నం కొట్టిన పొలిమేర రాయి. రాయి కనబడగానే నాగవేణి ఎడమ చెయ్యి పైకెత్తింది.

ఎత్తిన చెయ్యి దించకముందే వాము వెనక నుంచి ఏదో గిరగిరా తిరుగుతూ ఎగిరింది.

నాటుబాంబు ప్రభుదాసు ముందు చక్రం పక్కన పేలింది. బండి గాల్లోకి లేచి అతని మీదే పడింది. మేకులు, గాజుపెంకులు, మట్టి కలిసి హెల్మెట్ల మీద వానలా కురిశాయి. పొగలోంచి ప్రభుదాసు కేక వినిపించింది. "ఆగండి! ఎవురూ చెదరాకండి!"

అది అతను నేర్పిన పాఠమే. ముందువాడు పడితే అందరూ ఉన్నచోటే ఆగాలి, ఒకరినొకరు విడవకూడదు. ఎనిమిది బండ్లూ ఆగాయి. బాంబు పేలాక కూడా పారిపోకుండా నిలబడేవాళ్ళు ఆ ప్రాంతంలో ఒక రకమే ఉంటారు, చంపడానికి వచ్చినవాళ్ళు. వాముల వెనకున్న మనుషులకు ఇక అనుమానం మిగల్లేదు.

మొహాలకు టవళ్ళు చుట్టుకుని, వేటకొడవళ్ళతో, గునపాలతో విరుచుకుపడ్డారు. వెనకున్నతని వీపు మీద గునపం పడింది. అతను అమ్మా అని కూడా అనలేకపోయాడు. జెస్సికా బండి వదిలేసి తండ్రి వైపు పరిగెత్తింది. ముసలి బాలయ్య ఆమెను చొక్కా పట్టి వెనక్కి లాగి కంకర మీదికి విసిరాడు. మొహానికి టవలున్నా నాగవేణి పోల్చుకుంది, అత్తవారింటి మనిషే, తనను పెళ్ళిలో పల్లకి దగ్గరికి ఎత్తుకొచ్చినవాడు.

"నడిమధ్యలోవాణ్ణి ఇడసాకండి! వాడే పెద్దోడు!"

ఆ గొంతు ఆమెకు తెలుసు. కక్షల్లో తిరిగే నాయకుడు ఎప్పుడూ బండ్లకు నడిమధ్యలోనే ఉంటాడు. మద్దిలేటి తానూ అలాగే తిరుగుతాడు. అందుకే మిగిలినవాళ్ళందర్నీ వదిలేసి తిన్నగా ఆమె మీదికే వచ్చాడు.

నాగవేణి గడ్డం కింద పట్టీ లాగింది. చేతి తొడుగుల్లో వేళ్ళు ఆడలేదు. కొడవలి హెల్మెట్ మీద పడింది. నిన్న రోకలి దెబ్బలకు గీతలు పడిన చోటే పడింది. ఈసారి అది పగిలింది, కానీ తల పగలనివ్వలేదు. బండితో సహా కూలింది, కాలు బండి కింద చిక్కుకుంది. చెవుల్లో గంటలు మోగుతున్నాయి. కొడవలి మళ్ళీ లేచింది. అడ్డం పెట్టడానికి ఆమెకు మిగిలింది ఎడమ చెయ్యి ఒక్కటే.

"చిన్నోడా! నేనురా, చిన్నోడా!"

మద్దిలేటి చెయ్యి ఆగింది. కానీ దిగాల్సినంత దిగాక ఆగింది.

అతను కొడవలి వదిలేసి ఆమె మీదికి వంగాడు. ఆమె గడ్డం కింద పట్టీ తీయబోతే రాలేదు. చివరకు ఆమే కుడిచేత్తో విప్పుకుంది. మొహం బయటపడగానే మద్దిలేటి రెండు చేతులతో తన తల బాదుకున్నాడు.

"ఆళ్ళగడ్డ దావ అంటివి గదా వదినా!"

"అంటి. అట్లే వస్తి."

"రుద్రవరం దావ అనుకుంటి. సందకాడ అనుకుంటి. ఈ పూట ఈ దావలో హెల్మెట్లతో వచ్చేది అవతలోళ్ళేనని కాపు కాస్తి. నాకు నిజం ఎందుకు చెప్పినావు వదినా? ఎప్పుడన్నా చెప్పినామా మనం?"

నాగవేణి తన చెయ్యి చూసుకుంది. తొడుగు తెగి వేలాడుతోంది. దాని లోపల రెండు వేళ్ళు ఉండవలసినట్టు లేవు. ముందు వైపున జెస్సికా నాయనా, నాయనా అని అరుస్తూ ప్రభుదాసు తొడను తన బెల్టుతో బిగించి కడుతోంది. మోకాలి కింద కట్టడానికి ఏమీ మిగల్లేదు.

* * *

ఆళ్ళగడ్డ ఆస్పత్రి వరండాలో కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది నాగవేణి. వేళ్ళు కుట్టారు. కూడుకుంటాయని డాక్టరు అన్నాడు. వీపున గునపం దెబ్బ తిన్నతన్ని ముందే కర్నూలు పంపేశారు. లోపల ప్రభుదాసునూ పంపడానికి సిద్ధం చేస్తున్నారు. బతుకుతాడని మాత్రం ఎవరూ అనడంలేదు.

జెస్సికా వచ్చి పక్కన కూర్చుంది. చొక్కా నిండా తండ్రి నెత్తురు.

"నాయన మెలకువొచ్చినప్పుడు ఒగటే మాట అన్న్యాడక్కా. సోమవారం బండ్లు ఆగగూడదంట. లేచినోళ్ళు పోవల్లంట. నీ బండిని ఓడెక్కిస్తే అది దిగేలోపల నీ వేళ్ళు కూడుకుంటాయంట. విమానంలో వచ్చి కలుసుకోమన్న్యాడు." చొక్కా మీద ఆరిన నెత్తురును గోటితో గీకింది. "ఎవురక్కా వాళ్ళు? మా నాయన వాళ్ళకేం జేసినాడు?"

నాగవేణి నోరు తెరిచేలోపు కమలాక్షమ్మ మెట్లెక్కి వచ్చింది. ఆ పిల్లను చూసి ఒక్కక్షణం ఆగింది. తర్వాత కోడలి భుజం పట్టుకుని వరండా చివరికి నడిపించుకుపోయింది.

"ఆ బండ్లోళ్ళకు మనోళ్ళని తెలీదు. తెలిసింది నీకొక్కదానికే. పోలీసోళ్ళకు అవతలోళ్ళు అని చెప్పు."

"ఆ మాటంటే మాపటికి ఆ ఊర్లో ఎంతమంది ఆడోళ్ళు నా మాదిరిగా అయితారో తెల్సా అత్తా?"

"తెల్సు. చిన్నోడు జైలుకు పోతే మన ఊర్లో ఎంతమంది అయితారో గూడా తెల్సు. ఒగ కొడుకును ఇచ్చేసినా. రెండోవాణ్ణి ఇయ్యను." ముసలామె చెయ్యి కోడలి భుజం మీద బిగిసింది. "ఒక్క మాట మే. ఆ మాట చెప్పు, నేనే దగ్గరుండి బండెక్కిస్తా."

"అన్నం పెడతానని పిలిస్తివి అత్తా. ఆయప్ప నీ మర్యాద కోసం బండి తోసుకుంటా వస్తానన్న్యాడు."

కమలాక్షమ్మ మొహం తిప్పుకుంది. ఆవరణలో జీపు మెట్టు మీద మద్దిలేటి తల వంచుకుని కూర్చున్నాడు. చొక్కా మీద ఉన్నది వదిన నెత్తురు, ఆమెను జీపులో ఎక్కించుకొచ్చినప్పుడు అంటిందనే అందరూ అనుకున్నారు. కడుక్కోలేదు.

అప్పుడే సి.ఐ. వచ్చాడు. ఆళ్ళగడ్డ స్టేషనులో పనిచెయ్యడం అతనికి రెండోసారి. ఏ ఇంటి సంగతి ఏమిటో చెప్పనక్కర్లేదు.

"చూడమ్మా నాగవేణీ, మిగతావాళ్ళు ఎవర్నీ గుర్తుపట్టలేదు. నువ్వు ఇక్కడిదానివి. తెలియదంటావా, సంతకం పెట్టి వెళ్ళిపో. సోమవారం నీ దారి నీది. తెలుసంటావా, నువ్వే అసలు సాక్షివి. కోర్టులో తేలేదాకా దేశం దాటనివ్వరు."

తెలియదు. ఒక్క మాట. అది చిట్లిన పెదవి మీదికి వచ్చేసింది కూడా. తాను చూడని కొండలు, తాను దాటని నదులు, ఎవరి కోడలో అడక్కుండా చెయ్యి ఊపే మనుషులు, అన్నీ ఆ మాటకు అవతలే ఉన్నాయి. ఆ యాత్ర ఆమెకు ఎంత కావాలో దేవుడికొక్కడికే తెలుసు. లోపల స్ట్రెచరు చక్రాల చప్పుడైంది. దాచిపెట్టినోళ్ళే పోతారు అన్న మనిషిని బయటికి తెస్తున్నారు.

"మా మరిది సార్," అంది నాగవేణి. "మద్దిలేటి. బాలయ్య గూడా ఉండాడు. మేమని తెలీక కొట్టినారు."

జెస్సికా లేచి నిలబడింది. నాగవేణి ఆ పిల్ల కళ్ళలోకి చూడలేకపోయింది.

కమలాక్షమ్మ తడుముకోలేదు. "నిన్న బండి పంపనన్న్యాడని మరిది మీద కోపం సార్. పెదవి జూడండి. ఇంటిగొడవ ఈడ తీర్చుకుంటాంది."

సి.ఐ. పెదవి చూశాడు. నెమ్మదిగా తలాడించాడు.

"మీ ఇంటి లెక్క నాకు తెలియదా అమ్మా? మీరు ఆళ్ళగడ్డ అంటే రుద్రవరం. మీ నోట ఒక పేరు వచ్చిందంటే ఆ మనిషి తప్ప ఎవరైనా కావచ్చు." కానిస్టేబుల్ వైపు తిరిగాడు. "రెండు జీపులు అవతలివాళ్ళ ఊరికి పంపు. మగవాళ్ళలో దొరికినవాణ్ణి దొరికినట్టు ఎక్కించమను."

"నిజం సార్! నేను చెప్పేది నిజం!"

"అందరూ అదే అంటారమ్మా."

ప్రభుదాసును అంబులెన్సులోకి ఎక్కించారు. జెస్సికా అందులో ఎక్కుతూ ఒక్కసారి వెనక్కి చూసి తలుపు లాక్కుంది, అంబులెన్సు గేటు దాటింది. పోలీసు జీపులు కదలడానికి సిద్ధమయ్యాయి.

నాగవేణి మెట్లు దిగి, ఎండలో నడిచి, మరిది ముందు నిలబడింది.

"లెయ్ చిన్నోడా. నా యాత్ర పాయ. ఆయప్ప కాలు పాయ. నా మాట నమ్మేవాడు ఈడ ఒక్కడు లేడు. ఆ జీపులు ఆ ఊరు చేరేలోపల నువ్వన్నా నిజం చెప్పు."

మద్దిలేటి ఆమె చేతి కట్టు వైపు చూశాడు. తర్వాత లేచి, జీపు సీటు కింద చెయ్యి పెట్టి, టవలు చుట్టిన కొడవలి బయటికి తీశాడు. దాన్ని రెండు చేతుల మీద పెట్టుకుని సి.ఐ. నిలబడి ఉన్న మెట్ల వైపు నడిచాడు.

కమలాక్షమ్మ పరుగున వచ్చి మెట్టుకు అడ్డంగా నిలబడింది. ఆ వయసులో ఆమె పరిగెత్తగలదని ఎవరూ అనుకోలేదు.

"తప్పుకో మా," అన్నాడు మద్దిలేటి.

ఆమె టవలు లాగి పారేసింది. కొడవలి మొన పట్టుకుని తన గుండెకు ఆనించుకుంది.

"నన్ను నరికి పో."